సొసైటీ ఎవరిది?

[దృశ్యం: తెనాలి వైపు ఒక పల్లె. రైతుల సహకార సొసైటీ గోదాము ముందు వరుసగా చెప్పులు.]

నమస్కారం. యూరియా వరుసలో ఉన్నవి చెప్పులే, మనుషులంతా టీ కొట్టు దగ్గరున్నారు. "బాబాయ్, ఈ సొసైటీ ఎవరిది?" అని ఒకాయన్ని అడిగాను. "ఇంకెవరిది, గవర్నమెంటుదే" అన్నారు. పంట రుణం తీసుకున్నప్పుడు వాటాధనం కింద కొంత పట్టుకున్నారు కదా, సొసైటీకి మీరూ ఓ యజమానే అంటే, "అది కమీషన్ అనుకున్నా" అన్నారు.

[దృశ్యం: ప్రకాశం బ్యారేజీ, కాలువలు.]

విజయవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలువకి నీళ్లొచ్చాయి సరే, విత్తనానికీ కూలికీ డబ్బో? షావుకారే దిక్కు. నోటు రాయించుకుని, ధాన్యం కళ్లంలో ఉండగానే బాకీకి జమేసుకునేవాడు.

రైతుకి అప్పు దొరికే దారేదో చూసి రమ్మని మద్రాసు ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారిని యూరప్ పంపింది. జర్మనీ పల్లెల్లో రైఫైజన్ అనే ఆయన పెట్టిన పద్ధతిలో, ఊరివాళ్లే కలిసి ఒకరికొకరు అప్పిచ్చుకునే పరపతి సంఘాలు నికల్సన్‌కి బాగా నచ్చాయి. 1904లో సహకార చట్టం వచ్చింది. గుంటూరు జిల్లా ఏర్పడిందీ ఆ ఏడే!

[దృశ్యం: రచ్చబండ.]

ఆ చట్టంలో అసలు కిటుకు ఇది. పదిమంది కలిస్తే సంఘం. పల్లె సంఘానికి అపరిమిత బాధ్యత, అంటే ఒకడు ఎగ్గొడితే మిగతావాళ్లు సొంత ఆస్తి నుంచైనా కట్టాలి. అందుకే ఎవరి చేను ఎలా ఉందో, ఎవరు పేకాటలో కూర్చుంటారో చూసుకునే అప్పిచ్చేవాళ్లు. ఏ బ్యాంకు మేనేజరుకి తెలుస్తుంది ఇదంతా? కాకపోతే సెంటు భూమి లేని కౌలురైతుకి పూచీ పడేదెవరు? ఆ లోటు ఇప్పటికీ తీరలేదు.

1954లో వచ్చిన రిజర్వు బ్యాంకు సర్వే నివేదిక చూస్తే, దేశంలో రైతుల అప్పుల్లో సంఘాలు ఇచ్చింది సుమారు 3 శాతమే. దాంతో ప్రభుత్వమే వాటాలు కొనడం మొదలుపెట్టింది. డబ్బుతోపాటు పెత్తనమూ వచ్చింది. పాలకవర్గానికి ఎన్నికలు వాయిదా, ఆ కుర్చీలో ప్రభుత్వం వేసిన పర్సన్ ఇన్‌ఛార్జి. మన బాబాయ్ "గవర్నమెంటుదే" అన్నది ఊరికే కాదు.

1987లో అన్ని రుణాలూ ఒకే సొసైటీలో ఇచ్చే సింగిల్ విండో పద్ధతి వచ్చాక పంట రుణానికీ బోరు రుణానికీ రెండు ఆఫీసులు తిరిగే బాధ తప్పింది. 1995లో మన రాష్ట్రం తెచ్చిన సహకార చట్టం ఇంకో అడుగు వేసింది. ప్రభుత్వ వాటా లేకుండా సభ్యులే సంఘం నడుపుకోవచ్చంది. అలాంటి చట్టం దేశంలో మనదే మొదటిది.

[దృశ్యం: మళ్లీ గోదాము. లారీ హారన్.]

"అయితే నా వాటా ఎంతుందో చెప్తారా వీళ్లు?" అన్నారు బాబాయ్. చెప్పాలి, సభ్యులంతా కూర్చునే మహాజన సభలో లేచి అడగండి అన్నాను. ఈలోపు లోడు వచ్చింది. ఆయన చెప్పులు వెతుక్కుంటున్నారు.