స్పీకరు కుర్చీలో రెండు రోజులు

సభకు నమస్కారం.

ఇంగ్లండు అంతర్యుద్ధం అనగానే మనకు 1649లో చార్లెస్ రాజు తల నరికిన ఘట్టమే గుర్తొస్తుంది. నేను అంతదూరం వెళ్లను. యుద్ధానికి ముందు, పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభలోని ఒక కుర్చీ చుట్టూ జరిగిన రెండు సంఘటనలు చెబుతాను.

1629 మార్చి 2. సభ వాయిదా వేయమని రాజుగారి ఆజ్ఞ వచ్చిందంటూ స్పీకరు జాన్ ఫించ్ లేవబోయాడు. డెంజిల్ హోలిస్, బెంజమిన్ వాలెంటైన్ అనే ఇద్దరు సభ్యులు ఆయన్ను పట్టుకుని కుర్చీలో కుదేశారు. మేము లేచేదాకా నువ్వు కూర్చోవలసిందేనని హోలిస్ దేవుడి మీద ఒట్టేసి మరీ చెప్పాడు. తలుపుకు లోపల తాళం పడింది. ఫించ్ ఏడ్చేశాడు. మీ సేవకుడినైనంత మాత్రాన రాజుగారి సేవకుడిని కాకుండా పోతానా అన్నది ఆయన మొర. నాకైతే ఆ మనిషి మీద జాలే కలుగుతుంది. ఆ గొడవలోనే మూడు తీర్మానాలు చదివి, కేకలతో ఆమోదించారు. పార్లమెంటు మంజూరు చేయని సుంకాన్ని కట్టే వర్తకుడు కూడా దేశద్రోహేనని వాటిలో ఒకటి.

ఇంత పట్టుదల సుంకం దగ్గర ఎందుకు? కొత్త రాజు గద్దెనెక్కగానే రేవుల్లో సరుకుల మీద వచ్చే సుంకాన్ని జీవితాంతం ఆయనకు రాసివ్వడం పాత ఆనవాయితీ. 1625లో చార్లెస్‌కు కామన్స్ సభ ఒక్క ఏడాదికే ఇస్తామంది. ఆయన అదీ ఇదీ చూడకుండా వసూలు చేసుకుంటూ పోయాడు. చాలకపోతే బలవంతపు అప్పులు తీశాడు, ఇవ్వనన్నవాళ్లను జైల్లో పెట్టాడు. 1628లో పార్లమెంటు హక్కుల విన్నపం పెట్టి, తన సమ్మతి లేకుండా పన్ను వేయరాదు, కారణం చూపకుండా నిర్బంధించరాదు అంది. రాజు సరేనన్నాడు. ఆ మాట సుంకాలకు వర్తించదని తర్వాత మెలిక పెట్టాడు.

ఫించ్ ఏడ్చిన రోజు తర్వాత పదకొండేళ్లు పార్లమెంటే లేదు. ఆ తీర్మానాల సూత్రధారి జాన్ ఎలియట్ 1632లో లండన్ టవర్ ఖైదులోనే చనిపోయాడు. శవాన్ని సొంత ఊరికి తీసుకుపోతామని కొడుకు వేడుకుంటే, చచ్చిన చోటే పాతిపెట్టమన్నాడు రాజు. రాజనీతి సంగతి అలా ఉంచండి, కక్ష అంటే ఇదీ.

మరి ఖజానా నిండేదెలా? యుద్ధకాలంలో రేవు పట్టణాలు ఓడలివ్వాలి, లేదా వాటి ఖరీదు కట్టాలి అనే పాత పద్ధతి ఒకటుంది. దాన్ని బయటికి తీసి, 1635లో సముద్రం కనపడని లోపలి జిల్లాలకూ ఓడల పన్ను వేశారు. బకింగ్‌హామ్‌షైర్ భూస్వామి జాన్ హాంప్డెన్ 20 షిల్లింగులు కట్టనన్నాడు. ఆయన ఆస్తికి అది చిల్లర డబ్బు. పన్నెండు మంది న్యాయమూర్తులు విన్నారు. 1638లో ఏడుగురు రాజు వైపు, ఐదుగురు హాంప్డెన్ వైపు తేల్చారు. ఆ ఏడుగురిలో ఒకరు ఎవరనుకున్నారు? మన ఫించే! స్పీకరు కుర్చీ దిగి ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. రాజు గెలిచాడు గానీ, ఐదుగురు కాదన్నారని తెలిశాక జనం కట్టడం మానేస్తూ వచ్చారు.

ఈలోగా చార్లెస్ స్కాట్లండు మీద కొత్త ప్రార్థనా గ్రంథం రుద్దబోయి యుద్ధం తెచ్చుకున్నాడు. డబ్బుకు కటకట. 1640లో ఈస్టిండియా కంపెనీ మిరియాల నిల్వను అప్పుకు కొని, నష్టానికి నగదుకు అమ్ముకున్నాడు. అవును, మన బందరులో కోఠీ పెట్టుకున్న ఆ కంపెనీయే. ఏప్రిల్‌లో పిలిచిన పార్లమెంటును మూడు వారాలకే రద్దు చేశాడు. స్కాట్లు న్యూకాసిల్ పట్టుకుని కూర్చుని, తమ సైన్యం ఖర్చుకు రోజుకు 850 పౌండ్లు ఇవ్వమన్నారు. నవంబరులో మళ్లీ పార్లమెంటును పిలవక తప్పలేదు. ఈసారి సభ్యులు తమ సమ్మతి లేనిదే సభను రద్దు చేయరాదని చట్టం రాయించుకున్నారు. ఫించ్ హాలండు పారిపోయాడు.

ఇక రెండో రోజు. 1642 జనవరి 4. చార్లెస్ కొన్ని వందల మంది సాయుధులను గుమ్మం బయట నిలిపి, తానే సభలోకి నడిచొచ్చాడు. తలుపు మూయనివ్వలేదు, బయటి కత్తులు లోపలివాళ్లకు కనపడాలి కదా. కాసేపు మీ కుర్చీ కావాలి అని స్పీకరు విలియం లెంథాల్‌ను అడిగి, రాజద్రోహం మోపి పట్టుకుపోదామనుకున్న ఐదుగురు సభ్యుల కోసం వెతికాడు. హాంప్డెన్ ఒకడు, సభలో రాజు వ్యతిరేకులకు నాయకుడైన జాన్ పిమ్ ఒకడు, ఆనాడు ఫించ్‌ను పట్టుకున్న హోలిస్ ఇంకొకడు. ముందే కబురందడంతో వాళ్లు నది మీద పడవలో జారుకున్నారు. ఎక్కడున్నారని రాజు లెంథాల్‌ను అడిగాడు.

లెంథాల్ వీరుడేమీ కాదు, భయస్థుడే. మోకాళ్ల మీద పడ్డాడు. పడి, ఈ సభ చూడమంటే తప్ప నాకు కళ్లు లేవు, మాట్లాడమంటే తప్ప నాలుక లేదు అన్నాడు. పదమూడేళ్ల కిందట ఫించ్ ఇద్దరు యజమానుల మధ్య నలిగి ఏడ్చిన చోట, ఈ పిరికి మనిషికి ఒక్క యజమానే కనపడ్డాడు. పిట్టలన్నీ ఎగిరిపోయాయి అని గొణుక్కుంటూ రాజు వెనుదిరిగాడు. సభ హక్కులు, సభ హక్కులు అన్న కేకలు ఆయన వెంటే గుమ్మం దాకా వచ్చాయి.

జనవరి 10న చార్లెస్ భార్యాబిడ్డలతో లండన్ విడిచాడు. మళ్లీ ఆ నగరంలో అడుగుపెట్టింది ఖైదీగానే.