స్థూలకాయంలో ఇన్సులిన్ నిరోధకత: ఏ వ్యాయామం ఏం చేస్తుంది?

నమస్కారం. స్థూలకాయం ఉన్నవారిలో ఇన్సులిన్ నిరోధకతను ఏ వ్యాయామం ఏ విధంగా తగ్గిస్తుందో ఈ వీడియోలో వివరంగా చూద్దాం.

తెరపై కనిపిస్తున్నది ఒక కండర కణం. భోజనం తరువాత ఇన్సులిన్ వచ్చి కణం పైపొర మీది గ్రాహకానికి తగలగానే, లోపల ఉన్న గ్లూట్-4 అనే వాహకాలు పైకి చేరి గ్లూకోజ్‌ను లోనికి తీసుకుంటాయి. ఇన్సులిన్ ప్రభావంతో శరీరం గ్రహించే గ్లూకోజ్‌లో సింహభాగం కండరాలదే. స్థూలకాయంలో కండరాల్లోనూ కాలేయంలోనూ కొవ్వు పేరుకుని, దాని నుంచి పుట్టే పదార్థాలు ఈ సంకేతాన్ని మధ్యలోనే అడ్డుకుంటాయి. ఇన్సులిన్ ఉన్నా కణాలు దానికి సరిగా స్పందించని ఈ స్థితే ఇన్సులిన్ నిరోధకత. క్లోమం ఇన్సులిన్‌ను మరింతగా స్రవిస్తూ ఆ లోటును పూడుస్తుంది కనుక, రక్తంలో చక్కెర చాలాకాలం మామూలుగానే కనిపించవచ్చు.

అయితే కండరం సంకోచించినప్పుడు, ఇన్సులిన్ ప్రమేయం లేకుండానే గ్లూట్-4 పైకి వస్తుంది. నిరోధకత ఉన్నవారిలోనూ ఈ మార్గం చాలావరకు పనిచేస్తుంది. ఈ విషయంలో నాకు అన్నిటికంటే ఆశాజనకంగా అనిపించేది ఇదే. పైగా ఒక్కసారి చేసిన వ్యాయామంతో పెరిగిన ఇన్సులిన్ సున్నితత్వం, అంటే ఇన్సులిన్‌కు కణాలు స్పందించే గుణం, ఒకటి రెండు రోజులు నిలుస్తుంది.

వేగంగా నడవడం, సైకిల్ తొక్కడం, ఈత వంటి ఏరోబిక్ వ్యాయామాలు కండరాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాను, సన్నని రక్తకేశనాళికలను పెంచుతాయి. బరువు పెద్దగా తగ్గకపోయినా పొట్ట లోపలి కొవ్వును, కాలేయపు కొవ్వును తగ్గిస్తాయి. కాబట్టి బరువు తగ్గలేదన్న నిరాశతో దయచేసి మానేయకండి.

ఇప్పుడు కండర బలానికి సంబంధించిన వ్యాయామం ఒకటి చూడండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి లేచి నిలబడాలి; తిరిగి కూర్చునేటప్పుడు మూడు నాలుగు సెకన్లు తీసుకుని నెమ్మదిగా దిగాలి. తొడల ముందు భాగంలో, పిరుదుల్లో బిగువు తెలుస్తుంది. గ్లూకోజ్‌ను గ్లైకోజెన్‌గా నిల్వ చేసుకునే పెద్ద కండరాలు అవే.

వీటిలో ఏదో ఒకటి సరిపోతుందా? పొట్ట చుట్టూ కొవ్వు ఉన్న 60 నుంచి 80 ఏళ్ల వారిపై ఆరు నెలలు సాగి, 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో ఏరోబిక్ వ్యాయామం చేసినవారికి, రెండూ కలిపి చేసినవారికి ఇన్సులిన్ నిరోధకత తగ్గింది. బరువులు మాత్రమే ఎత్తినవారికి చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. టైప్-2 మధుమేహులపై 2010లో వచ్చిన హార్ట్-డి అధ్యయనంలో, వ్యాయామం చేయనివారితో పోలిస్తే హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే రక్తపరీక్ష విలువ) స్పష్టంగా తగ్గింది రెండూ కలిపి చేసినవారికే. అందుకే రెండూ చేయమనే నా సలహా.

తీవ్రతను పెంచుతూ తగ్గిస్తూ చేసే హిట్ వ్యాయామం తక్కువ సమయంలోనే ఇంచుమించు ఏరోబిక్ వ్యాయామమంత ఫలితం ఇస్తుంది. మోకాళ్ల నొప్పులు, గుండె జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుణ్ణి అడగకుండా మొదలుపెట్టకూడదు.

వారానికి కనీసం 150 నిమిషాల ఏరోబిక్ వ్యాయామం, రెండు మూడు రోజులు కండర బలానికి వ్యాయామం చేయాలి. వరుసగా రెండు రోజులకు మించి విరామం ఇస్తే పెరిగిన సున్నితత్వం తగ్గిపోతుంది. ఇన్సులిన్ గానీ, క్లోమం చేత ఇన్సులిన్‌ను ఎక్కువగా స్రవింపజేసే సల్ఫొనైల్‌యూరియా మాత్రలు గానీ వాడుతున్నవారికి వ్యాయామంతో చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉంది కనుక, మందు మోతాదు గురించి ముందే వైద్యునితో మాట్లాడి మొదలుపెట్టండి.