క్లాసిక్స్ అంటే ఆవలింతలు ఎందుకు? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

యాంకర్: నమస్కారం. సాహిత్యం బోధించే టీచర్ గారు ఇవాళ మనతో ఉన్నారు. హలో, చెప్పండమ్మా.

మొదటి కాలర్: నమస్తే అండి. మా బాబుకి పద్నాలుగేళ్లు. సైన్స్ ఫిక్షన్ అయితే రాత్రంతా చదువుతాడు. క్లాసిక్ చేతిలో పెడితే మాత్రం పది పేజీలకే ఆవలింతలు. ఫోన్ వల్ల ఓపిక పోయిందేమో అని టెన్షన్‌గా ఉంది.

టీచర్: రాత్రంతా చదివేవాడికి ఓపిక లేదని ఎలా అంటామండీ? ఇంతకీ ఏ పుస్తకం ఇచ్చారు?

మొదటి కాలర్: విక్టర్ హ్యూగోది, లే మిజరబ్ల్. పూర్తి అనువాదం.

టీచర్: అమ్మో, మొదటే అదా! అది ఒక బిషప్ గారి సంగతులతో మొదలవుతుంది. అసలు కథానాయకుడు జాన్ వాల్జాన్ అడుగుపెట్టేది మొదటి భాగంలోని రెండో 'బుక్'లో, అంటే చాలా అధ్యాయాల తర్వాత. అంతవరకూ ఎవరికోసం చదువుతున్నాడో కూడా మీవాడికి తెలియదు. నేరుగా ఆ రెండో 'బుక్' తెరవమనండి.

మొదటి కాలర్: అలా వదిలేసి చదవొచ్చా? పోనీ, కుదించిన పుస్తకం కొనమంటారా?

టీచర్: నేనైతే వద్దంటాను. అందులో ఏం తీసేయాలో ఇంకెవరో నిర్ణయించేస్తారు. తనే వదిలేస్తే, కావాలనిపించినప్పుడు తనే వెనక్కి వెళ్తాడు. అసలు ముందు ఫ్రాంకెన్‌స్టైన్ ఇచ్చి చూడండి. మేరీ షెల్లీ అది రాయడం మొదలుపెట్టినప్పుడు ఆవిడకి 18 ఏళ్లు. 1818లో అచ్చయింది. మీవాడికి ఇష్టమైన కథలకు అది ముత్తవ్వ లాంటిది. మొదట్లో వచ్చే ఉత్తరాలు కాస్త నెమ్మదిగా సాగుతాయని ముందే చెప్పండి. విమర్శకులు రాసిన ముందుమాట ఉంటే చివర్లో చదవమనండి. వాళ్లు కథంతా ముందే చెప్పేస్తారు, అదో జబ్బు!

యాంకర్: తర్వాతి కాల్... హలో, చెప్పమ్మా.

రెండో కాలర్: మేడమ్, నేను ఇంటర్ చదువుతున్నాను. దోస్తోయెవ్‌స్కీ 'నేరము-శిక్ష' మూడుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. పేర్లే గుర్తుండట్లేదు. నాకంత తెలివి లేదేమో అనిపిస్తోంది.

టీచర్: తెలివికీ దానికీ సంబంధం లేదమ్మా. రస్కోల్నికోవ్ అన్నా, రోద్యా అన్నా, రొదియన్ రొమానొవిచ్ అన్నా ఒక్కడే. రష్యన్లు చనువును బట్టి, మర్యాదను బట్టి పిలుపు మారుస్తారు. ఒక చీటీ మీద పేర్లు రాసుకుని పుస్తకంలో పెట్టుకో. ఇంకోటి, ఒక్కో రోజు ఎంత చదువుతున్నావు?

రెండో కాలర్: వారంలో అయిపోవాలని వంద పేజీలు పెట్టుకున్నాను.

టీచర్: అదే వచ్చిన చిక్కు. 1866లో అది పత్రికలో సీరియల్‌గా వచ్చింది. అప్పటి పాఠకులు తర్వాతి సంచిక కోసం వారాల తరబడి ఎదురు చూశారు. నువ్వూ రోజుకు ఒక్క అధ్యాయం చదువు. హత్య మొదటి భాగంలోనే జరిగిపోతుంది. అక్కడిదాకా వెళ్లు. ఆ తర్వాత కూడా మనసు లాగకపోతే హాయిగా పక్కన పెట్టెయ్.

రెండో కాలర్: దాని మీద వ్యాసం రాయాలి మేడమ్. నచ్చలేదని రాయొచ్చా?

టీచర్: రాయొచ్చు. ఏ సన్నివేశం దగ్గర విసుగొచ్చిందో, ఎందుకొచ్చిందో చూపించు. "గొప్ప నవల" అని నాలుగుసార్లు రాసిన వ్యాసం కన్నా అదే ముందు చదువుతాను నేను.

రెండో కాలర్: మా సార్ కూడా అలా చదువుతారంటారా?

టీచర్: (నవ్వుతూ) ఆ హామీ మాత్రం ఇవ్వలేనమ్మా.