మొదటి 10 సెకన్లలో మీరు కనబడాలి

అందరికీ నమస్కారం. నాటకాలు వేసే పిల్లలతో మాట్లాడమంటే కాదనలేకపోయాను. నేనూ పరిషత్తు నాటకాల నుంచి వచ్చినవాణ్నే. ఇప్పుడు సినిమాల్లో కో-డైరెక్టర్‌ని. చిన్నాచితకా వేషాలకు మనుషుల్ని వెతకడమే నా పనిలో సగం.

మన సినిమా మద్రాసులో ఉన్న రోజుల్లో వేషాల కోసం వెళ్లినవాళ్లు ఫొటో ఆల్బం చంకన పెట్టుకుని కోడంబాకం, పాండీబజార్ తిరిగేవారు. ఇప్పుడు హైదరాబాద్ కృష్ణానగర్‌లో గదిలో కూర్చునే షోరీల్, అంటే మీ నటన చూపించే చిన్న వీడియో, పంపొచ్చు. ఆనాటి 35 ఎం.ఎం. ఫిల్ము వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలు ఆడేది. మీ రీలుకు నిమిషంన్నర చాలు, మహా అయితే 2 నిమిషాలు.

అవతల దాన్ని చూసేవాడి సంగతి ముందు చెబుతాను. సాయంత్రం లొకేషన్లు చూసి ఆఫీసుకొస్తాం. ఎల్లుండికి ఒక లైన్‌మన్ కావాలి, పెళ్లికూతురికి మేనత్త కావాలి. ఫోన్ నిండా వీడియోలు. అప్పుడు మేము గొప్ప నటుడి కోసం వెతకం. ఈ మనిషి కరెంటు స్తంభం ఎక్కితే జనం నమ్ముతారా అని చూస్తాం. వీడియో తెరిస్తే పేరు మంటల్లోంచి వస్తుంది, తర్వాత డ్రోన్ షాట్, తర్వాత కళ్లజోడు పెట్టుకుని స్లో మోషన్‌లో నడక. 20 సెకన్లు అయిపోయినా మనిషి గొంతు వినబడదు. వేలు తర్వాతి వీడియో మీదికి పోతుంది.

ఒక కుర్రాడి రీలు గురించి చెప్పాలి. శ్రీకాకుళం జిల్లావాడు. మొదట లాయరుగా అరిచాడు, తర్వాత రౌడీగా అరిచాడు, ఆ తర్వాత ప్రేమించిన అమ్మాయి ముందు ఏడ్చాడు. మాటలన్నీ ఎవరో హీరోవి, ఒకటీ అతనిది కాదు. ఆ రోజు వేరే పని లేక చివరిదాకా చూశాను. ఆఖర్న ఒక చిన్న ముక్క ఉంది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. పక్కనుంచి ఎవరిదో గొంతు, "మీ నాన్న పొలం అమ్మేశాడంట" అంటుంది. కుర్రాడు మాట్లాడలేదు. బొటనవేలితో కుర్చీ అంచు మీద లేచిన ప్లాస్టిక్ పెళ్లను గీకుతున్నాడు. ఒకసారి గుటక వేశాడు. "నాకు సెప్పనేదేటి?" అన్నాడు, అంతే. ఆ ఒక్క మాట కోసం మర్నాడు పిలిపించాను. ఆ ముక్క ముందుంటే ఎన్ని ఆఫీసుల్లో ఆగి చూసేవారో! ఎందుకు చివర పెట్టావయ్యా అంటే, "అందులో డైలాగ్ లేదు కదా సార్" అన్నాడు.

నాటకం నుంచి వచ్చే మనందరి ఇబ్బందీ ఇదే. ఆఖరి వరసలో కూర్చున్న ముసలాయనకు వినబడాలని గొంతు పెంచడం నేర్చుకున్నాం. కెమెరా మూరెడు దూరంలో ఉంటుంది. అవతలివాళ్ల మాట మీకు చేరడం, చేరాక కళ్లలో ఏదో మారడం దానికి కనబడుతుంది. అందుకే రీల్లో కనీసం ఒక చోట మీరు వినాలి. వినడం తెలిసిన నటుడు దొరికితే నాకు కడుపు నిండినట్టుంటుంది.

యాస దాచకండి. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం'లో చాలా వేషాలు ఆ ఊరివాళ్లే వేశారు. 2023లో 'బలగం' తెలంగాణ పల్లె మాటతోనే అన్ని ప్రాంతాలవాళ్లనీ ఏడిపించింది. మీ అమ్మతో ఫోన్లో ఎలా మాట్లాడతారో అలా ఒక సీను చేయండి. ఇంకో సీనులో మామూలు తెలుగు వచ్చని చూపించండి, సరిపోతుంది.

తీయడానికి అప్పు చేయొద్దు. పొద్దున కిటికీ వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోండి. ఫోన్ అడ్డంగా, కళ్ల ఎత్తులో పెట్టి వెనక కెమెరాతో తీయండి. క్యూ ఇచ్చే, అంటే అవతలి పాత్ర మాట అందించే స్నేహితుణ్ని లెన్సు పక్కనే కూర్చోబెట్టండి. కాలర్ మైకు అరువు తెచ్చుకోండి, ఫ్యాను ఆపండి. కింద పాట వేయకండి, మీ గొంతు మునిగిపోతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ మసకబారుతుంది, డాక్యుమెంటుగా పంపండి. గూగుల్ డ్రైవ్ లింకు ఇస్తే అది అందరికీ తెరుచుకుంటుందో లేదో వేరే ఫోన్లో చూసుకోండి. అనుమతి అడిగే లింకు వస్తే మేము అడుగుతూ కూర్చోం. పేరు, వయసు, ఎత్తు, ఫోన్ నంబరు చాలు, ఇంటి అడ్రసు పెట్టొద్దు. ముఖ్యంగా అమ్మాయిలు.

ఇంకోటి. "రీలు మా దగ్గరే తీయించుకోండి, వేషం గ్యారంటీ" అని వేలకు వేలు గుంజేవాళ్లున్నారు. వేషం ఇచ్చేవాడు మీకు డబ్బిస్తాడు, మీ దగ్గర తీసుకోడు. పుస్తెలమ్మి తెచ్చిన డబ్బు అలా పోగొట్టుకున్న తల్లిని చూశాను. ఆవిడ ముఖం గుర్తొస్తే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

సరే, అదిగో, కిటికీ దగ్గర కుర్చీ వేయించాను. ముందు వరసలో చెల్లెమ్మా, నువ్వు రా. ఏ ఊరమ్మా మీది? డైలాగ్ ఏమీ వద్దు. క్యూ నేనిస్తాను, నువ్వు విను.