చేత్తో నొక్కాలా, చిప్‌కి అప్పగించాలా?

అందరికీ నమస్కారం. ముందు ఈ ఫోటో చూడండి. 18650 లిథియం సెల్ అడుగు భాగం ఇది. సెల్స్‌ని కలిపే నికెల్ పట్టీ కాలిపోయి, దాని కింద డబ్బాకి కూడా బెజ్జం పడింది. ఇది నా చేతి చలవే. స్పాట్ వెల్డర్ బటన్ మీద నుంచి వేలు తీయడం రెప్పపాటు ఆలస్యమైంది. సెల్ లోపలి ద్రవం తీయటి వాసన ముక్కుకి తగలగానే సెల్‌ని పట్టకారుతో పట్టుకెళ్లి పెరట్లో ఇసుక బకెట్లో పూడ్చాను. అందుకే ఫోటోతో సరిపెడుతున్నాను.

స్పాట్ వెల్డర్ అంటే రెండు రేకుల్ని ఒత్తిపట్టి, వాటి గుండా భారీ కరెంటు పంపి ఒక చుక్క దగ్గర అతికే మెషీన్. నేను వాడేది మీకు తెలిసిందే. పాత సామాన్ల కొట్లో దొరికిన మైక్రోవేవ్ ఓవెన్ ట్రాన్స్‌ఫార్మర్. దాని హైవోల్టేజి చుట్ట కోసేసి, ఆ ఖాళీలో లావుపాటి వెల్డింగ్ కేబుల్ రెండు చుట్లు తిప్పితే 2 వోల్టుల దాకా వస్తుంది, కరెంటు మాత్రం వందల ఆంపియర్లు. ఒక్క మాట. ఓవెన్ కెపాసిటర్‌లో ప్లగ్ పీకేశాక కూడా ప్రాణం తీసేంత చార్జి ఉండొచ్చు. దాన్ని డిస్చార్జ్ చేయడం రానివాళ్లు ఓవెన్ విప్పొద్దు.

ఇప్పుడు అసలు ప్రశ్న: కరెంటుని ఎంతసేపు పోనివ్వాలో చేత్తో నొక్కి చూసుకోవాలా, చిప్‌కి అప్పగించాలా? మీరు అతికేది ఇనప రేకులైతే మామూలు ఫుట్ స్విచ్ చాలు. ఒక మిల్లీమీటర్ రేకుకి ఇలాంటి మెషీన్ మీద అర సెకను, ఒక్కోసారి సెకను పడుతుంది. చుక్క ఎర్రబడటం కంటికి కనిపిస్తుంది, కాలు తీసేస్తాం. దానికి ఆర్డుయినో, అంటే మనం రాసిన ప్రోగ్రామ్ నడిపే చిన్న చిప్ బోర్డు, పెట్టడం నా దృష్టిలో దండగ.

నికెల్ పట్టీ దగ్గరే మన పప్పులు ఉడకవు. దాని మందం 0.15 మిల్లీమీటర్. మన కరెంటు 50 హెర్ట్‌జ్, అంటే ఒక సైకిల్ 20 మిల్లీసెకన్లు. పట్టీ అతకడానికి రెండు నుంచి నాలుగు సైకిళ్లు సరిపోతాయి. ఎంత చురుగ్గా నొక్కి వదిలినా మన వేలికి దాదాపు ఐదు సైకిళ్లు పడుతుంది. పైగా ఒకసారి నొక్కినట్టు ఇంకోసారి నొక్కలేం. చిప్ ఇక్కడ చేసే తెలివైన పనేమీ లేదు, అది మంచి గడియారం, అంతే. ముందు ఒక సైకిల్ ఇచ్చి పట్టీని సర్దుకోనిచ్చి, కాస్త ఆగి అసలు దెబ్బ వేయడం దానికి తేలిక.

చిప్ కింద రిలే, అంటే అయస్కాంతంతో లాగే స్విచ్, మాత్రం పెట్టకండి. అది లాగడానికే సుమారు 10 మిల్లీసెకన్లు తింటుంది, కాంటాక్టులు అతుక్కుపోతాయి కూడా. నేను వాడేది బీటీఏ41 ట్రయాక్, అంటే కదిలే భాగాలు లేని ఏసీ స్విచ్. చిప్‌కి మెయిన్స్ తగలకుండా, వెలుతురుతో దాన్ని నడిపే భాగం ఆప్టోకప్లర్. అది జీరో క్రాసింగ్ రకమే, అంటే వోల్టేజి సున్నా దాటేటప్పుడే ఆన్ చేసేదే, కొనమని అందరూ చెబుతారు. హీటర్‌కైతే నిజమే. ట్రాన్స్‌ఫార్మర్‌ని వోల్టేజి సున్నా దగ్గర ఆన్ చేస్తే దాని ఇనప కోర్‌లో ఫ్లక్స్, అంటే అయస్కాంత ప్రవాహం, మామూలు కంటే రెట్టింపు దాకా ఎగబాకి కోర్ నిండిపోతుంది. దాంతో కరెంటు మితిమీరి, దాన్ని ఆపే స్విచ్ ఎంసీబీ టప్పుమని పడుతుంది. ఇది అర్థం కాక నేను నెల రోజులు ఎంసీబీనే తిట్టుకున్నాను. జీరో క్రాసింగ్ ఆప్టోకప్లర్ ఎంఓసీ3041 తీసేసి, ఎప్పుడంటే అప్పుడు ఆన్ చేసే ఎంఓసీ3021 పెట్టండి. సున్నాని చిప్ కనిపెట్టి, 5 మిల్లీసెకన్లు ఆగి, శిఖరం దగ్గర మొదలుపెట్టాలి. అర సైకిళ్ల లెక్క సరిసంఖ్య అయ్యేలా ఆపాలి.

అలాగని చేతి స్విచ్‌ని పారేయొద్దు. ట్రయాక్ చెడిపోతే ఎక్కువసార్లు షార్ట్ అయి కూర్చుంటుంది. చిప్ ఆపమన్నా కరెంటు పోతూనే ఉంటుంది. అందుకే మెయిన్ లైన్‌లో చేతికందే చోట రెండు పోళ్ల ఎంసీబీ ఉండాలి. చిప్ ఆన్ అయ్యే క్షణంలో ట్రయాక్‌ని నడిపే పిన్ ఆన్ అనీ ఆఫ్ అనీ తేలకుండా గాల్లో ఉంటుంది కాబట్టి దాని నుంచి గ్రౌండ్‌కి 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ కూడా.

సరే, కళ్లద్దాలు పెట్టుకోండి. ముందు వరస వాళ్లు ఒకడుగు వెనక్కి జరగండి. డబ్బా రేకు ముక్క మీద పట్టీ అతికి, నోస్ ప్లయర్‌తో పీకుతాను. పట్టీ చిరగాలి, చుక్కలు మాత్రం రేకు మీదే ఉండిపోవాలి. ఊడొస్తే ఒక సైకిల్ పెంచి మళ్లీ చూద్దాం.