నాలుగు గళ్ల పట్టిక: పబ్లిక్ హెల్త్‌లోకి ఎవరొస్తే ఏం మారుతుంది?

[తెర మీద: నల్లబల్ల. సుద్దముక్కతో ఒక నిలువు గీత, ఒక అడ్డగీత. నాలుగు గళ్లు.]

నమస్కారమండీ. ఈ నాలుగు గళ్లు చూశారుగా? ఇవాళ్టి కథంతా వీటిలోనే ఉంది.

1940 ఏప్రిల్ 18. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం, ఆస్వీగో కౌంటీలో ఓ పల్లె. చర్చిలో రాత్రి విందు. తెల్లారేసరికి విందుకెళ్లిన వాళ్ల ఇళ్లల్లో వాంతులు, విరేచనాలు. హెల్త్ డిపార్ట్‌మెంట్ వాళ్లొచ్చి 75 మందిని ఒక్కొక్కరినీ అడిగారు: ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు, ఎప్పుడు మొదలైంది? అందులో 46 మందికి జబ్బు చేసింది.

మన దగ్గరైతే వెంటనే "ఆ మాంసమే తేడా చేసుంటుంది" అనేస్తాం. సరే, మాంసం లెక్క చూద్దాం.

[తెర మీద: గళ్లలో అంకెలు ఒక్కొక్కటిగా పడతాయి.]

పంది మాంసం తిన్నవాళ్లు 46 మంది. జబ్బుపడింది 29 మంది, అంటే 63 శాతం. తిననివాళ్లు 29 మంది. జబ్బుపడింది 17 మంది, 59 శాతం. తిన్నా తినకపోయినా దాదాపు ఒకటే. పాపం, మాంసం తప్పేమీ లేదు.

ఇప్పుడు వెనీలా ఐస్‌క్రీమ్. తిన్న 54 మందిలో 43 మందికి జబ్బు. 80 శాతం. తినని 21 మందిలో ముగ్గురికే. 14 శాతం. దొంగ దొరికేశాడు! పాలు, గుడ్లు, పంచదార కలిపి కాచిన మిశ్రమాన్ని ముందురోజు నుంచి రాత్రంతా చర్చి కింది గదిలో అలాగే ఉంచారు.

ఎనిమిదో క్లాసు లెక్క ఇది. ఇప్పటికీ ఎపిడెమియాలజీ, అంటే జబ్బులు ఎవరికి ఎందుకొస్తున్నాయో లెక్కతీసే శాస్త్రం, నేర్చుకునేవాళ్లకి మొదట్లో చేతికిచ్చే అభ్యాసాల్లో ఈ ఆస్వీగో విందు ఒకటి. నేను గుంటూరులో పళ్ల డాక్టరు చదువు పూర్తిచేసి, ఎంపీహెచ్‌కని, అంటే పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్‌కని, అమెరికా వెళ్లినప్పుడు మా పిన్ని అడిగింది: "డాక్టరువి కదే, మళ్లీ ఈ చదువేంటి? సూది వేస్తావా, మందు రాస్తావా?" రెండూ కాదు పిన్నీ, లెక్కపెడతాను అన్నాను. ఆవిడ ఇప్పటికీ చుట్టాలకి "అదేదో కంప్యూటర్ కోర్సు" అనే చెప్తుంది.

ఇంకో పట్టిక చూపిస్తాను. ఇది కొంచెం కష్టంగా ఉంటుంది.

[తెర మీద: పత్తి చేలు, మట్టి రోడ్డు. అలబామా మ్యాప్ మీద మేకన్ కౌంటీ. తర్వాత రెండు అంకెలు: 399, 201.]

అలబామా రాష్ట్రం, మేకన్ కౌంటీ, టస్కీగీ. 1932. అమెరికా ప్రభుత్వ పబ్లిక్ హెల్త్ సర్వీస్ దాదాపు 600 మంది నల్లజాతి మగవాళ్లని ఒక అధ్యయనంలో చేర్చుకుంది. చాలామంది కౌలు రైతులు. 399 మందికి సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉంది, 201 మందికి లేదు. రోగం పేరు వాళ్లకి చెప్పలేదు. మీకు "చెడు రక్తం" ఉంది, వైద్యం చేస్తున్నాం అన్నారు. ఉచితంగా పరీక్షలు, పరీక్ష రోజున భోజనం, చనిపోతే అంత్యక్రియల ఖర్చు. బదులుగా శవపరీక్షకి ఒప్పుకోవాలి.

వైద్యం మాత్రం చెయ్యలేదు. వైద్యం లేకపోతే సిఫిలిస్ ఎంతదాకా వెళ్తుందో చూడటమే అసలు పని. 1940ల చివరికి పెన్సిలిన్ మామూలు వైద్యమైపోయింది. అప్పుడూ ఇవ్వలేదు. ఇలా 40 ఏళ్లు.

ఒక్క సంగతి గమనించండి. ఇదేమీ రహస్యంగా జరగలేదు. మెడికల్ జర్నళ్లలో పేపర్లు అచ్చయ్యాయి. ఎంతోమంది డాక్టర్లు చదివారు. పట్టికలు చక్కగా ఉన్నాయి, శాతాలు సరిగ్గా ఉన్నాయి. పైవరసలో సిఫిలిస్ ఉన్నవాళ్లు, కిందివరసలో లేనివాళ్లు. పేజీ తిప్పేశారు.

1960ల చివర్లో ఆ పబ్లిక్ హెల్త్ సర్వీస్‌లోనే బిల్ జెంకిన్స్ అనే కుర్రాడు చేరాడు. నల్లజాతివాడు, అట్లాంటాలోని మోర్‌హౌస్ కాలేజీలో లెక్కలు చదివి 1967లో బయటికొచ్చాడు. అంకెలు చూడటమే అతని ఉద్యోగం. ఈ అధ్యయనం అతని చెవిన పడింది. పాత పేపర్లు తీసి చదివాడు. అందరూ చూసిన పట్టికే. అందులో అతనికి తన నాన్న వయసు మనుషులు కనిపించారు. కనిపించకుండా ఎలా ఉంటారు?

పై అధికారి దగ్గరికి వెళ్తే, దాని గురించి నువ్వు బెంగపెట్టుకోకు అన్నారు. జెంకిన్స్, తోటి నల్లజాతి ఉద్యోగులు కలిసి "డ్రమ్" అనే చిన్న పత్రిక నడిపేవాళ్లు. అందులో రాశారు, పెద్ద పత్రికలకీ పంపారు. ఎవరూ పట్టించుకోలేదు. 1969లో సీడీసీలో, అంటే అమెరికా ప్రభుత్వ రోగ నియంత్రణ సంస్థలో, నిపుణులు కూర్చుని అధ్యయనాన్ని కొనసాగించాలనే తేల్చారు. చివరికి పీటర్ బక్స్‌టన్ అనే మాజీ ఉద్యోగి బయటపెడితే, 1972 జులైలో అసోసియేటెడ్ ప్రెస్ వార్త రాస్తే అప్పుడు ఆగింది. 1997 మే 16న అధ్యక్షుడు క్లింటన్ వైట్‌హౌస్‌లో క్షమాపణ చెప్పారు.

మరి జెంకిన్స్ కోపంతో ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడా? లేదు, ఇంకా చదివాడు. నార్త్ కరోలినా యూనివర్సిటీలో ఎపిడెమియాలజీ పీహెచ్‌డీ చేశాడు. సీడీసీలో చేరాడు. టస్కీగీ బాధితులకీ వాళ్ల కుటుంబాలకీ వైద్యం అందించే కార్యక్రమాన్ని ఏళ్లపాటు తనే నడిపాడు. 2019లో పోయారాయన.

[తెర మీద: మోర్‌హౌస్ కాలేజీ ఆవరణ, వేసవి ఎండ. వీపున సంచులతో విద్యార్థులు.]

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. మోర్‌హౌస్‌లో 1982లో "ప్రాజెక్ట్ ఇమ్‌హోటెప్" అని ఒక వేసవి శిక్షణ మొదలైంది. ప్రాచీన ఈజిప్టు వాళ్లు వైద్యదేవుడిగా కొలిచినవాడి పేరు పెట్టారు. దాని వెనకున్నవాళ్లలో జెంకిన్స్ ఒకరు. ఎంపీహెచ్‌లో చేరాక కాదు, డిగ్రీ చదువుతుండగానే మైనారిటీ పిల్లల్ని పట్టుకుని ఈ రంగం రుచి చూపించాలన్నది ఆలోచన.

మైనారిటీ అనగానే మనకి మతం గుర్తొస్తుంది. అక్కడ లెక్క వేరు. నల్లజాతివాళ్లు, లాటిన్ అమెరికా మూలాలున్న లాటినోలు, అమెరికా మూలవాసులు, ఇలా జనాభాలో తమకున్న వాటాకి తగ్గట్టు ఈ వృత్తుల్లో కనిపించనివాళ్లు. ఎందుకు కనిపించరంటే పాత కథ చాలానే ఉంది. ఒక్క ముక్క చెప్తాను: 1910లో మెడికల్ కాలేజీల ప్రమాణాల మీద ఫ్లెక్స్‌నర్ నివేదిక వచ్చాక నల్లజాతి మెడికల్ కాలేజీలు ఏడింటిలో ఐదు మూతబడ్డాయి. ఇంట్లో ఒక డాక్టరుంటే మేనల్లుడికి దారి తెలుస్తుంది. ఆ డాక్టరే తయారుకాకపోతే?

వేసవి మొత్తం 11 వారాలు. మొదటి రెండు వారాలు తరగతి గది: బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాలు), ఎపిడెమియాలజీ. మన నాలుగు గళ్ల బాపతు. తర్వాత ఒక్కొక్కరినీ సీడీసీలాంటి చోట పనిచేసే నిపుణుడి దగ్గర కూర్చోబెడతారు. నిజమైన డేటా, నిజమైన ప్రశ్న. ఆఖర్న పేపరు రాయాలి, అందరి ముందు నిలబడి చెప్పాలి.

ఆ "నిజమైన డేటా" ఎలా ఉంటుందో చెప్తాను, దీని దెబ్బ నేనూ తిన్నాను. వయసు కాలమ్ సగటు తీశాను. ఎక్కువొచ్చింది. మళ్లీ తీశాను, అంతే. రెండు రోజులు తల పట్టుకున్నాక మా సీనియర్ అక్క వెనకనుంచి చూసి నవ్వింది. "99 అని ఎంతమందికుందో చూడు." అది వయసు కాదు, వయసు తెలియనివాళ్లకి వేసిన కోడ్! నా పట్టికలో ఊరునిండా తొంభైతొమ్మిదేళ్ల ముసలాళ్లే. ఇలాంటివి పక్కన ఒకరుండి చూపిస్తేనే వస్తాయి.

ఇంకో కాలమ్ ఉంటుంది, జాతి. తెల్లవారు, నల్లవారు, చివర్లో "ఇతరులు". సంఖ్య చిన్నదైతే అందర్నీ కలిపి ఇతరుల్లో పడేస్తారు. గణితం ప్రకారం తప్పు లేదు. కానీ నవాహో అనే మూలవాసుల తెగకి కేటాయించిన ప్రాంతం నుంచి వచ్చిన పిల్ల ఆ బల్ల దగ్గర కూర్చుంటే ఏమవుతుంది? "ఈ ఇతరులు ఎవరండీ?" అని అడుగుతుంది. వాళ్ల తాతయ్య అందులో ఉన్నాడు కాబట్టి. మిగతావాళ్లకి ఆ ప్రశ్న తట్టదు, చెడ్డవాళ్లై కాదు.

[తెర మీద: ఒక జీతం చీటీ, పక్కన హాస్టల్ గది తాళంచెవి.]

దీనిమీద యూట్యూబ్‌లో ఎవరూ పెద్దగా మాట్లాడరుగానీ, నా దృష్టిలో ఇలాంటి శిక్షణల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది స్టైపెండు. అమెరికాలో వేసవి సెలవులంటే చాలామంది విద్యార్థులకి సంపాదించుకునే రోజులు. జీతం లేని ఇంటర్న్‌షిప్ చెయ్యాలంటే ఆ మూణ్ణెల్లూ అద్దె ఎవరో కట్టాలి. అమ్మానాన్నలు కట్టగలిగినవాళ్లకే అనుభవం, అనుభవం ఉన్నవాళ్లకే సీటు. ఇక్కడ స్టైపెండిచ్చి, ఉండటానికి చోటిచ్చి ఆ ముడి విప్పారు. ఈ పద్ధతిలోనే సీడీసీ డబ్బుతో కొలంబియా, మిషిగన్, యూసీఎల్ఏ, పిట్స్‌బర్గ్ యూనివర్సిటీల్లో, బాల్టిమోర్‌లోని కెనడీ క్రీగర్ ఇన్‌స్టిట్యూట్‌లో కూడా శిక్షణలు నడిచాయి.

"ప్రతిభ చూడాలిగానీ జాతి చూడ్డమేంటి?" కామెంట్లలో ఇది రాసేవాళ్లుంటారని తెలుసు. నేనూ వెళ్లిన కొత్తలో అలాగే అనుకున్నాను. 2023 లెక్క ఒకటి చూడండి. అమెరికాలో బతికి పుట్టిన ప్రతి లక్ష మంది బిడ్డలకి తెల్లజాతి తల్లుల మరణాలు 14.5. నల్లజాతి తల్లుల మరణాలు 50.3. మూడు రెట్లకి పైనే. ఆ తల్లి ఇంటి తలుపు కొట్టి, ఆమె నిజం చెప్పేదాకా కూర్చోగలగడం ప్రతిభ కాదా? టస్కీగీ తర్వాత ప్రభుత్వ ఆరోగ్య ఉద్యోగి అంటేనే ఆ తలుపులు సగమే తెరుచుకుంటాయి. ఆ భాష, ఆ ఇల్లు తెలిసినవాళ్లు కావాలి.

అలాగని ఒక వేసవితో అంతా అయిపోదు. శిక్షణ తీసుకున్న పిల్ల తర్వాత ఎంపీహెచ్‌కి అప్పు చెయ్యాలి, ఆ పైన ప్రభుత్వ హెల్త్ డిపార్ట్‌మెంట్ జీతంతో ఆ అప్పు తీర్చాలి. పైగా ఇప్పుడు గాలి ఎదురుగా ఉంది. 2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు కాలేజీ అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని కొట్టేసింది. 2025 జనవరిలో డైవర్సిటీ కార్యక్రమాలు ఆపాలని అధ్యక్షుడి ఆదేశాలొచ్చాయి. వైద్య పరిశోధనకి డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్ఐహెచ్ ఎన్నో ఏళ్లుగా ఇచ్చిన శిక్షణ గ్రాంట్లు కొన్ని ఆగిపోయాయి. దరఖాస్తు చేద్దామనుకునే తెలుగు పిల్లలు పాత వీడియోలు నమ్మొద్దు. ఆ ఏడాది ప్రకటన తెరిచి అర్హత ఏమని రాశారో చదవండి.

మన పిల్లలు అక్కడ ఏ గడిలో పడతారు? "ఏషియన్." హైటెక్ సిటీ నుంచి వెళ్లిన ఇంజినీర్ల కుటుంబం, లావోస్ నుంచి ప్రాణాలరచేతిలో పెట్టుకుని వచ్చిన హ్మాంగ్ తెగ కుటుంబం, ఇద్దరికీ ఒకటే గడి. రెండిటి సగటు తీస్తే ఎవరి ఆరోగ్యం తెలుస్తుంది?

[తెర మీద: భద్రాచలం దగ్గర గోదావరి. ఆ తర్వాత మళ్లీ నల్లబల్ల, ఖాళీ గళ్లు.]

చివరి పట్టిక మన ఊరిదే. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం ప్రాంతాల్లో పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేశారు, ఒక పరిశీలన ప్రాజెక్టుగా. చాలామంది హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు. టీకా మంచిదే, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని ఆపుతుంది. మీ అమ్మాయికి వేయించండి, ఆ మాట స్పష్టంగా చెప్తున్నాను. కొందరు పిల్లల మరణాల మీద గొడవ రేగి 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగింది. ఆ మరణాలకి టీకా కారణమని విచారణలో తేలలేదు. తేలింది వేరే.

తల్లిదండ్రుల అనుమతి పత్రాలు తీసి చూశారు. 9,543 పత్రాలు. 1,948 వాటి మీద వేలిముద్రలు. 2,763 వాటి మీద సంతకం హాస్టల్ వార్డెన్‌ది.

అమ్మానాన్నలది కాదు. వార్డెన్‌ది.

పత్రాలు నింపేటప్పుడు, సర్దేటప్పుడు, లెక్కపెట్టేటప్పుడు అవి ఎన్ని చేతులు మారి ఉంటాయో ఊహించండి. ఆ చేతుల్లో ఒక్కటైనా ఆ హాస్టల్లో చదువుకుని వచ్చిన కోయ అమ్మాయిదై ఉంటే, పదో కాగితం దగ్గరే ఆగి ఉండేది. వాళ్ల వార్డెన్ సంతకం ఆమె గుర్తుపట్టకుండా ఉండదు.

[తెర మీద: నల్లబల్ల మీద మూడో కాలమ్ గీస్తున్న చెయ్యి. పైన రాస్తుంది: "సంతకం ఎవరిది?"]