మొదటి ఎయిర్‌సాఫ్ట్ రైఫిల్ కొంటున్నారా? ఎఫ్‌పీఎస్ కాదు, హాపప్ చూడండి

నమస్తే అండీ, అందరూ ఎలా ఉన్నారు?

ఈ వీడియో అమెరికాలో ఉంటున్న మన తెలుగువాళ్ల కోసం. వీకెండ్‌లో ఫ్రెండ్స్‌తో వెళ్లి ఫీల్డువాళ్లు అద్దెకిచ్చిన గన్‌తో ఎయిర్‌సాఫ్ట్ (తుపాకీ నకళ్లతో బీబీలు, అంటే చిన్న ప్లాస్టిక్ గుండ్లు, ఒకరిమీద ఒకరు కొట్టుకునే ఆట) ఆడారు, ఆట బాగా నచ్చింది, ఇక సొంత రైఫిల్ కొనుక్కుందాం అనుకుంటున్నారు. మీకోసమే ఇది.

టేబుల్ మీద మూడు రైఫిల్స్ పెట్టాను. ఇది ఎం4, ఇది ఏకే, ఈ రెండూ బ్యాటరీతో నడిచేవి, ఆ చివరిది గ్యాస్‌తో నడిచే గ్యాస్ బ్లోబ్యాక్. మూడింటికీ మ్యాగజైన్ తీసేశాను, మొదటి రెండింటికీ బ్యాటరీ తీసేశాను, దేని ఛాంబర్లోనూ బీబీ లేదని చూసుకున్నాను. ఇంట్లో గన్ బయటికి తీసిన ప్రతిసారీ మొదట చేయాల్సిన పని ఇదేనండీ.

షాపులోకి వెళ్లినా, వెబ్‌సైట్ తెరిచినా అందరి కళ్లూ పడేది ఒకే అంకె మీద. ఎఫ్‌పీఎస్. అంటే బీబీ సెకనుకి ఎన్ని అడుగుల వేగంతో బయటికొస్తుందో ఆ లెక్క. 350 కంటే 400 మేలు, 400 కంటే 450 ఇంకా మేలు, ఎక్కువ దూరం కొడుతుంది అనుకుంటారు. అది నిజం కాదు. నేను ఈరోజు చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే ఉంటుంది: దూరం, గురి ఇచ్చేది హాపప్, అంటే బీబీని గిర్రున తిప్పి వదిలే చిన్న భాగం. ఎఫ్‌పీఎస్ కేవలం మిమ్మల్ని ఫీల్డులోకి రానిస్తారా లేదా అనేది తేలుస్తుంది.

అది ముందు చూద్దాం. గేమ్ మొదలవకముందు ఫీల్డులో క్రోనో అని ఒక మెషీన్ మీద మీ గన్ వేగం కొలుస్తారు. చాలాచోట్ల ఇండోర్ ఫీల్డులో 0.20 గ్రాముల బీబీతో 350 లోపు ఉండాలి, ఔట్‌డోర్‌లో అయితే రైఫిల్‌కి 400 లోపు. కొన్ని ఫీల్డులు వేగం బదులు బీబీ శక్తిని జూల్స్‌లో చెప్తాయి. 0.20 గ్రాముల బీబీ 328 ఎఫ్‌పీఎస్‌తో వస్తే ఒక జూల్. 400తో వస్తే దాదాపు ఒకటిన్నర జూల్. మీరు 420 ఉన్న గన్ మోజుపడి కొన్నారనుకోండి, శనివారం పొద్దున్నే లేచి గంట డ్రైవ్ చేసి వెళ్తే క్రోనో దగ్గరే ఆపేస్తారు. మళ్లీ అద్దె గన్నే గతి. అందుకే గన్ వెతకడానికి ముందు మీరు ఎక్కువగా ఆడబోయే ఫీల్డు వెబ్‌సైట్‌లో రూల్స్ చదవండి. ఇండోర్ ఫీల్డుల్లో చాలావరకు సెమీ మాత్రమే, అంటే ఒక నొక్కుకి ఒకే షాట్; ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే వరసగా కొట్టే ఫుల్ ఆటో ఉండదు. అది కూడా చూసుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. కెమెరా దగ్గరికి తెస్తున్నాను, ఈ ఎం4 కుడివైపు చూడండి. ఛార్జింగ్ హ్యాండిల్ వెనక్కి లాగితే ఈ మూత తెరుచుకుంటుంది. లోపల పళ్లున్న చిన్న చక్రం కనిపిస్తోందా? దీన్నే హాపప్ డయల్ అంటారు. దీన్ని తిప్పితే బ్యారెల్ మొదట్లో ఉన్న చిన్న రబ్బరు ముక్క కిందికి దిగుతుంది. ఆ రబ్బరుని బకింగ్ అంటారు. బీబీ బయటికి వెళ్లేటప్పుడు దాని పైభాగం ఈ రబ్బరుకి రాసుకుంటుంది, దాంతో బీబీ వెనక్కి తిరుగుతూ ముందుకు పోతుంది. టేబుల్ టెన్నిస్‌లో చాప్ కొడితే బంతి కిందికి పడకుండా తేలుతూ పోవడం చూసుంటారుగా, ఇదీ అంతే. ఈ తిరుగుడే లేకపోతే 400 ఎఫ్‌పీఎస్ బీబీ అయినా కాస్త దూరం పోయి నేలకి జారిపోతుంది.

నిన్న ఔట్‌డోర్ రేంజ్‌లో తీసిన క్లిప్ ఇది. ఒకే గన్, ఒకే 0.25 బీబీ. మొదటి షాట్‌లో హాపప్ పూర్తిగా ఆఫ్. చూడండి, ఆ డ్రమ్ము దాకా కూడా వెళ్లకుండానే కిందపడింది. ఇప్పుడు డయల్ కొంచెం కొంచెంగా తిప్పుతున్నాను. ఒక క్లిక్, ఒక షాట్. ఇంకో క్లిక్, ఇంకో షాట్. ఇదిగో, ఇక్కడ బీబీ గీత గీసినట్టు సూటిగా వెళ్లి చివర్లో మెల్లగా వాలుతోంది. మనకి కావాల్సింది ఇదే. ఇంకా తిప్పితే ఏమవుతుందో కూడా చూడండి: సగం దూరం వెళ్లాక బీబీ పైకి లేచి ఎదుటివాళ్ల తలల మీదుగా చెట్లలోకి పోయింది. అంటే హాప్ ఎక్కువైందన్నమాట. బీబీ బరువు మార్చిన ప్రతిసారీ ఈ సెట్టింగ్ మళ్లీ చేసుకోవాలి.

కాబట్టి గన్ కొనేటప్పుడు షాపులో ఈ డయల్ ఒకసారి తిప్పి చూడండి. ప్రతి క్లిక్కూ చేతికి తెలియాలి, వదిలేస్తే దానంతటది వెనక్కి జారకూడదు. ఈ ఎం4లో ఉన్నట్టు రోటరీ డయల్ ఉంటే సుఖం. వదులుగా ఉండే డయల్ అయితే ఫుల్ ఆటోలో ఆ అదురుకి సెట్టింగ్ మారిపోతుంది, మధ్యాహ్నానికల్లా మీ షాట్లు ఎటు పోతున్నాయో అర్థం కాదు. బీబీల దగ్గర కూడా పిసినారితనం వద్దు. 350 ఎఫ్‌పీఎస్ గన్‌కి 0.25 గానీ 0.28 గానీ వాడండి, గాలికి తొందరగా పక్కకి పోదు. కిందపడ్డ బీబీలు ఏరి మళ్లీ వేయొద్దు. ఒక్క ఇసుక రేణువు చాలు, ఇందాక చూపించిన ఆ రబ్బరు చిరిగిపోవడానికి.

ఇక ఏ మోడల్? ఎలక్ట్రిక్ రైఫిల్‌ని ఏఈజీ అంటారు. ఈ ఆట పుట్టింది జపాన్‌లో. అక్కడ మామూలు జనానికి అసలు తుపాకీ దొరకడం చాలా కష్టం, అందుకే రెప్లికాల మీద అంత శ్రద్ధ పెట్టారు. 1991లో టోక్యో మారుయి కంపెనీ ఫామాస్ రైఫిల్ రూపంలో మొదటి ఏఈజీ తెచ్చింది. మోటార్ గేర్లని తిప్పుతుంది, గేర్లు పిస్టన్‌ని వెనక్కి లాగుతాయి, స్ప్రింగ్ దాన్ని ముందుకు తోస్తుంది, ఆ గాలితో బీబీ వెళ్తుంది. ఇప్పుడు మార్కెట్లో ఉన్న గన్లలో ఎక్కువ భాగం ఆ మారుయి కొలతలనే పట్టుకుని తయారవుతున్నాయి. ఇది మీకెందుకంటే, పార్ట్స్ ప్యాకెట్ మీద 'మారుయి కంపాటిబుల్' అని ఉంటే మీ గన్‌కి పట్టే అవకాశం ఎక్కువ. ఈ గేర్లు, పిస్టన్ ఉండే పెట్టెని గేర్‌బాక్స్ అంటారు; ఎక్కడా వినని గేర్‌బాక్స్ ఉన్న గన్ కొంటే పిస్టన్ విరిగిన రోజు ఆ గన్ అల్మారాలో అలంకారానికే.

ఎం4 లో వెర్షన్ 2 గేర్‌బాక్స్ ఉంటుంది, ఏకేలో వెర్షన్ 3. వెర్షన్ 2కి ముందుభాగంలో షెల్ కొంచెం బలహీనం, బలమైన స్ప్రింగ్ వేస్తే అక్కడే పగులుతుంది. వెర్షన్ 3 ఆ విషయంలో గట్టిది. అయినా నేను కొత్తవాళ్లకి ఎం4 వైపే మొగ్గుతాను. కారణం మ్యాగజైన్లు. ఫీల్డులో పదిమందిలో ఎక్కువమంది దగ్గర ఎం4లే ఉంటాయి, మీ బీబీలు అయిపోతే పక్కవాళ్లు ఒక మ్యాగజైన్ ఇస్తారు. కంపెనీ వేరైనా చాలావరకు సరిపోతుంది. 120 బీబీల దాకా పట్టే మిడ్‌క్యాప్ మ్యాగజైన్లు నాలుగైదు కొనుక్కోండి. 300 పట్టే హైక్యాప్‌లు బాక్స్‌తోనే వస్తాయి, కానీ వాటి అడుగున చక్రం తిప్పుతూ ఉండాలి, నడుస్తుంటే లోపల గలగలమని చప్పుడు. పొద చాటున నక్కి ఉన్నప్పుడు ఆ చప్పుడే మిమ్మల్ని పట్టిచ్చేస్తుంది.

మోడల్ పేర్లు అడుగుతారని తెలుసు. జీ అండ్ జీ కంపెనీ సీఎం16 రైడర్ మొదటి గన్‌గా మంచిది, నైలాన్ బాడీ, తేలిక. స్పెక్నా ఆర్మ్స్ ఎం4లు కూడా చూడండి, వాటిలో చాలా మోడల్స్‌కి స్ప్రింగ్ వెనక నుంచే మార్చుకోవచ్చు. అంటే గేర్‌బాక్స్ విప్పకుండా ఔట్‌డోర్ స్ప్రింగ్ తీసి ఇండోర్ స్ప్రింగ్ వేసేయొచ్చు. రెండు రకాల ఫీల్డుల్లో ఆడేవాళ్లకి ఇది చాలా పెద్ద సౌకర్యం. లేదండీ, నాకు ఏకేనే కావాలి అంటారా? సైమా ఏకేలు తక్కువ ధరలో ఏళ్లకేళ్లు పనిచేస్తాయి. చేతిలో స్టీలు బరువు తెలియాలంటే ఎల్‌సీటీ ఉంది, కానీ అది మొదటి గన్ ధర కాదు.

గ్యాస్ బ్లోబ్యాక్ గురించి తొందరగా చెప్పేస్తాను. ట్రిగ్గర్ నొక్కితే బోల్ట్ వెనక్కీ ముందుకీ కొడుతుంది, భుజానికి ఆ దెబ్బ తెలుస్తుంది, నాకు చాలా ఇష్టం. కానీ మ్యాగజైన్ ఒక్కొక్కటి 40 డాలర్ల పైనే, బరువు. ఆపైన చలికి గ్యాస్ ఒత్తిడి పడిపోతుంది. డాలస్ ఎండలో భలే ఆడుతుంది, అదే షికాగోలో నవంబర్ వచ్చిందంటే బోల్ట్ సగంలో ఆగిపోతుంది. రెండో గన్‌గా తీసుకోండి.

ఇప్పుడు ఎవరూ చెప్పని ఒక సంగతి. గన్ భుజానికి పెట్టి చూసేటప్పుడు మాస్క్ వేసుకునే చూడండి. ఇలా. మాస్క్ లేకుండా దవడ స్టాక్‌కి, అంటే భుజానికి ఆనించే వెనకభాగానికి, ఆనుతుంది, సైట్ కంటికి అందుతుంది. మాస్క్ పెట్టుకున్నాను, చూడండి, దవడ దగ్గర ఇంత మందం అడ్డం. తల ఎంత వంచినా సైట్ అందడం లేదు. దీనికి మందు, రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపించే సైట్) కింద ఈ ఎత్తు మౌంట్. రైసర్ అంటారు, ఇరవై డాలర్లలోపే వస్తుంది. ఎత్తు తక్కువ ఉన్నవాళ్లు, మన ఆడవాళ్లు, టీనేజ్ పిల్లలు స్టాక్ ముందుకీ వెనక్కీ జరిగే గన్నే తీసుకోవాలి. మూడు కిలోల గన్ చేయి చాచి రోజంతా పట్టుకుంటే సాయంత్రానికి భుజాలు పడిపోతాయి.

మాస్క్ అన్నాను కాబట్టి చెప్తున్నాను, డబ్బులు లెక్కేసుకునేటప్పుడు ముందు కళ్లద్దాలకి తీసి పక్కన పెట్టండి, మిగిలిందే గన్‌కి. గాగుల్స్ మీద 'జెడ్87+' అని, అంటే దెబ్బ తట్టుకుంటాయని, ముద్ర ఉండాలి, చుట్టూ ముఖానికి పూర్తిగా అతుక్కుని ఉండాలి. నోటికి కూడా కవచం ఉండాలి. దగ్గర నుంచి తగిలితే పన్ను విరుగుతుంది, ఇక్కడ డెంటిస్ట్ బిల్లు సంగతి మీకు నేను చెప్పాలా?

బ్యాటరీ. ఈ లేబుల్ మీద 7.4 వోల్ట్ లైపో, అంటే లిథియం పాలిమర్, అని ఉంది, మొదటి గన్‌కి ఇది చాలు. 11.1 పెడితే వేగంగా కొడుతుంది, నిజమే, కానీ గన్‌లో మాస్ఫెట్ (ట్రిగ్గర్ కాంటాక్టుల మీద కరెంటు భారం పడకుండా చూసే చిన్న సర్క్యూట్) లేకపోతే ట్రిగ్గర్ కాంటాక్టులు మాడిపోతాయి. కొనేముందు బ్యాటరీ ఎక్కడ పడుతుందో కొలుచుకోండి: ఈ ఎం4లో స్టాక్ గొట్టంలో, సన్నది కావాలి. ఈ ఏకేలో పైమూత కింద. బ్యాటరీని ఒక్కో సెల్‌కి 3 వోల్టుల కంటే కిందికి దిగనివ్వకండి, వారం రోజులు వాడకపోతే 3.8 దగ్గర పెట్టి ఉంచండి. ఛార్జింగ్‌కి పెట్టి నిద్రపోవద్దు, అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లు మరీ ముఖ్యంగా.

చివరగా బ్యారెల్ కొనకి ఉన్న ఈ ఆరెంజ్ టిప్. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం అమ్మే ప్రతి రెప్లికాకీ ఇది ఉండాలి. కాలిఫోర్నియాలో అయితే 2016 నుంచి ట్రిగ్గర్ గార్డు లాంటి చోట్ల కూడా మెరిసే రంగు అడుగుతున్నారు. న్యూయార్క్ సిటీ, న్యూజెర్సీలో నిబంధనలు ఇంకా గట్టివి, ఆర్డర్ పెట్టకముందే కనుక్కోండి. టిప్ తీసేస్తే స్టైల్‌గా ఉంటుందని వీడియోల్లో చూసుంటారు. తీయకండి, నల్ల రంగు వేయకండి. 2014 నవంబర్‌లో క్లీవ్‌ల్యాండ్‌లో తమీర్ రైస్ అనే 12 ఏళ్ల పిల్లవాడు పార్కులో ఎయిర్‌సాఫ్ట్ పిస్టల్‌తో ఉండగా పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఆ పిస్టల్‌కి ఆరెంజ్ టిప్ లేదు. నిజానికి టిప్ ఉన్నా దూరం నుంచి చూసేవాళ్లకి అది కనిపించకపోవచ్చు. అందుకే ఇంటి నుంచి కారుకి, కారు నుంచి ఫీల్డుకి, గన్ ఎప్పుడూ మూసిన బ్యాగ్‌లోనే వెళ్లాలి. బాల్కనీలో నిలబడి ఫొటో దిగడం, కమ్యూనిటీ పార్కింగ్‌లో ఫ్రెండ్‌కి చూపించడం, ఇవేవీ వద్దు. సెలవులకి ఇండియా వెళ్తూ సూట్‌కేసులో పెట్టుకెళ్దామనే ఆలోచన కూడా మానుకోండి. అక్కడ 2016 ఆయుధ నిబంధనల్లో రెప్లికాలు కూడా ఉన్నాయి, ఎయిర్‌పోర్టులో అనవసరమైన టెన్షన్.

మీ బడ్జెట్, మీరు ఆడే ఫీల్డు ఇండోరా ఔట్‌డోరా, మీ ఎత్తు, ఈ మూడూ కామెంట్‌లో రాయండి, ఏది సరిపోతుందో చెప్తాను. వచ్చే వీడియోలో ఈ ఎం4 విప్పి బకింగ్ మార్చడం చూపిస్తాను, దానికి కావాల్సిన అలెన్ కీల సైజులు కింద డిస్క్రిప్షన్‌లో పెట్టాను. ఉంటానండీ.